చెరువుకు గండి కొట్టమన్నదెవరు?

మా అక్క కూతురు స్వప్నకు డిప్యూటీ తహసీల్దార్ ఉద్యోగం వచ్చింది. శిక్షణకు పోయే ముందు జనగామలో మా ఇంటికి వచ్చి, చాయ్ తాగుతూ అడిగింది.

"చిన్నమ్మా, మాకు విపత్తు నిర్వహణ అని ఒక పాఠం ఉందట. సర్కారు శాఖలు, ప్రైవేటు కంపెనీలు కలిసి ఎట్ల పనిచెయ్యాలెనో చెప్తరట. నువ్వు అన్నీ చూసినవు గద. జర చెప్పరాదు?"

చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఆగిపోయాను. ఉద్యోగ జీవితమంతా రెవెన్యూ శాఖలో గడిపి తహసీల్దార్‌గా రిటైరైనదాన్ని. నీటి కరువు చూశాను, గోదావరి పక్క ముంపు చూశాను, తెగబోతున్న చెరువు కట్ట మీద నిలబడ్డాను. అయినా ఆ పిల్ల అడిగినదానికి నా దగ్గర తిన్నని జవాబు లేదు. ఒకప్పుడు ఉందనుకున్నాను. మహబూబాబాద్ జిల్లాలో ఒక వాన పొద్దు దాన్ని కలగాపులగం చేసి పోయింది.

అందుకే ఇది రాస్తున్నాను. నేను ఎప్పుడు ఏ సీటుకు మారానో, ఎవరు సన్మానం చేశారో ఇందులో ఉండదు. నన్ను ఇప్పటికీ తికమక పెడుతున్న సంగతులు మాత్రమే ఉంటాయి. ఆ ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను. చదివినవాళ్లలో ఎవరికైనా నాకంటే బాగా అర్థమైతే సంతోషం.

నీళ్లు లేని చోట

నేను పుట్టింది, ఉద్యోగంలో మొదటి పాఠాలు నేర్చుకున్నది జనగామ ప్రాంతంలో. మా వైపు ఎండాకాలం అంటే ట్యాంకర్ల కాలం. ఒక ఏడు, పట్నం శివార్లలోని కాలనీకి నీళ్లు పంపే పని నాకు అప్పజెప్పారు. ఒక రైతు తన బోరు నీళ్లు ఊరికే ఇస్తానన్నాడు. మున్సిపాలిటీ ట్యాంకరు ఒకటి, ఒక రైసుమిల్లు యజమాని పంపిన ట్యాంకరు ఒకటి, పంచాయతీది ఒకటి ఆ బోరు దగ్గరికి చేరాయి. ఎవరిది ముందు నింపాలో తేలలేదు. మున్సిపాలిటీ డ్రైవరు మాది సర్కారు బండి అంటాడు. మిల్లు డ్రైవరు మా సేటు ధర్మానికి పంపిండు, ఆయన బండిని ఎనకకు జరుపుతరా అంటాడు. నేను మధ్యలో నిలబడి ఇద్దరికీ నచ్చజెబుతున్నాను.

బిందెలతో ఎదురుచూస్తున్న ఆడవాళ్లు చివరికి నవ్వారు. "నీళ్లున్నయి, బండ్లున్నయి, మనుషులున్నరు. ఇంక లేనిదేందమ్మా?" అని ఒకావిడ అడిగింది.

లేనిదేమిటో నాకు అప్పుడు తెలియలేదు. సాయంత్రానికి మూడు బండ్లూ నిండాయి, కాలనీకి నీళ్లు అందాయి. ఆలస్యమైంది, అంతే. కరువులో ఒక సౌకర్యం ఉంటుంది: మనం తేల్చుకునేదాకా అది ఆగుతుంది. నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటే పని అవుతుందని, మాట్లాడటానికి ఎప్పుడూ సమయం దొరుకుతుందని నాకు అక్కడే ఒక నమ్మకం పడిపోయింది.

సత్యం సార్

తర్వాత కొన్నేళ్లకు భూపాలపల్లి వైపు బదిలీ అయ్యాను. అక్కడ మా పై అధికారిని ఇక్కడ సత్యం సార్ అంటాను. గొంతు పెద్దది, ఓపిక తక్కువ. ఫోన్ ఎత్తితే అవతలివాడు హలో అనకముందే పని చెప్పేసేవాడు. ఆయన కింద పనిచేసిన వాళ్లలో తిట్లు తినని వాళ్లు లేరు. నేనైతే బాత్రూములో తలుపు వేసుకుని ఏడ్చిన రోజులున్నాయి.

ఒక వానాకాలం, వాగులు పొంగి ఒక చిన్న పట్నంలో నీళ్లు చొరబడ్డాయి. ఒక పక్క సర్కారు దవాఖాన, ఇంకో పక్క పల్లంలో ఒక కాలనీ. దగ్గర్లో మట్టి తవ్వే పని చేస్తున్న ప్రైవేటు కంపెనీ నీళ్లు తోడే పెద్ద మోటర్లు పంపింది. వాళ్ల ఇంజినీరు మర్యాదగానే చెప్పాడు: "సార్, కాలనీలో నీరు తొందరగా పెరుగుతోంది. ముందు అక్కడ పెడదాం."

"దవాఖాన కాడ పెట్టు," అన్నాడు సత్యం సార్.

"సార్, ఒక్కసారి చూస్తే..."

"చెప్పింది ఇనవడ్తలేదా? దవాఖాన కాడ పెట్టు!"

మోటర్లు దవాఖానకు పోయాయి. అక్కడ నీళ్లు మెట్ల దాకా వచ్చి ఆగాయి. కాలనీలో ఇళ్లు కిటికీల దాకా మునిగాయి. మనుషులను ముందే తరలించాం కాబట్టి ప్రాణాలు దక్కాయి. కానీ ఇంట్లో ఉన్నదంతా పోయింది. నీళ్లు తగ్గాక సత్యం సార్ మమ్మల్ని వెంటబెట్టుకుని ఆ కాలనీకి పోయాడు. బురదలో నిలబడి, మైకు లేకుండానే అందరికీ వినపడేలా చెప్పాడు.

"మోటర్లు దవాఖాన కాడ పెట్టుమన్నది నేను. నా అంచనా తప్పింది."

జనం ఊరుకోలేదు. ఒక ముసలమ్మ తడిసిన బొంత తెచ్చి ఆయన కాళ్ల మీద పడేసింది. "దీన్ని కప్పుకోని పండు," అంది. ఆయన అక్కడే నిలబడ్డాడు. తిట్టేవాళ్లు అలిసిపోయేదాకా కదలలేదు.

ఆ రోజు ఆయన మీద నాకు గౌరవం కలగలేదు. ఆ ఇంజినీరు మాట విని ఉంటే ఈ మాట చెప్పాల్సిన అవసరమే వచ్చేది కాదు కదా అనుకున్నాను. నాకు అధికారం వచ్చినప్పుడు అందరినీ అడుగుతాను, అందరి మాటా వింటాను, ఎవరి మీదా అరవను అని గట్టిగా అనుకున్నాను. అలాగే చేశాను కూడా. అందరూ నన్ను మంచి మేడం అనేవాళ్లు.

కట్ట మీద అందరం

తహసీల్దార్‌గా నా ఆఖరి పోస్టింగుల్లో ఒకటి మరిపెడ, నర్సింహులపేటల వైపు. ఆ ఏడు వాన విడవకుండా పడుతోంది. ఒక ఉదయం పంచాయతీ కార్యదర్శి ఫోన్ చేశాడు.

"మేడం, చెరువు కట్టకు బుంగ పడ్డది. అవతలికి నీళ్లు వస్తున్నయి. ఎర్రగ వస్తున్నయి మేడం."

కట్టలోంచి తేట నీళ్లు ఊరితే అంత భయం లేదు. ఎర్రగా వస్తే లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టు. నేను బయల్దేరాను.

అక్కడి నేల ఎలా ఉంటుందో చెప్పాలి. కట్టకు సరిగ్గా కిందే ఊరు. కట్ట తెగితే నీళ్లు ఇళ్ల మీదికే పోతాయి. కట్టకు ఒక చివర మత్తడి ఉంది. చెరువు నిండాక అదనపు నీళ్లు దాని మీదుగా పొర్లి వాగులోకి పోతాయి. ఆ వాగు పక్కన లంబాడీ తండా పొలాలు. తండా ఇళ్లు మిట్ట మీద ఉన్నాయి కానీ, పొలాలు, బావులు పల్లంలో ఉన్నాయి. మత్తడి అప్పటికే నిండుగా పొర్లుతోంది. అయినా చెరువులో నీళ్లు తగ్గడం లేదు.

నేను పోయేసరికి కట్ట మీద సంతలాగా ఉంది. ఎవరూ రాలేదని నేను చెప్పలేను. అందరూ వచ్చారు.

కేసముద్రం నుంచి ధాన్యం వ్యాపారి నాగేశ్వర్ సేటు లారీ నిండా ఖాళీ గోనె సంచులతో, హమాలీలతో దిగాడు. "సంచులు తెచ్చిన మేడం. మట్టి ఎవలు తెస్తరు?" అని అడిగాడు. మట్టి కూడా వచ్చింది. అక్కడికి దగ్గర్లో రోడ్డు వేస్తున్న కంపెనీ రెండు టిప్పర్ల మొరం పంపింది. కానీ సేటు లారీ సన్నటి దారికి అడ్డంగా దిగబడిపోయి, టిప్పర్లు దాని వెనకే ఆగిపోయాయి. ముందు సంచులు, వెనక మట్టి, మధ్యలో కదలని లారీ. ఎస్సై రవీందర్ వానలో తడుస్తూ లారీని తోయిస్తున్నాడు. ఈలోపు పట్నం నుంచి ఒక సేవా సంస్థ కుర్రాళ్లు పులిహోర పొట్లాలు తెచ్చి, బుంగ పడ్డ కట్ట మీదే పంచడం మొదలుపెట్టారు. తెగేలా ఉన్న కట్ట మీద జనం వరస కట్టారు.

"కిందికి దిగుండ్రయ్యా! కట్ట మీద బువ్వేంది?" అని రవీందర్ అరుస్తున్నాడు.

"జిల్లా ఆఫీసులనే చెప్పిన్రు సార్, ఈడ పంచుమని," అన్నాడు సేవా సంస్థ మనిషి. జిల్లా ఆఫీసులో ఎవరు చెప్పారో అతనికి తెలియదు.

నీటిపారుదల శాఖ డీఈ శ్రీధర్ కట్ట అంచున మోకాళ్ల మీద కూర్చుని చూస్తున్నాడు. నెమ్మదైన మనిషి, చదువుకున్నవాడు, తెలియనిది తెలుసని చెప్పనివాడు.

"ఆగుతదా శ్రీధర్ గారూ?" అని అడిగాను.

"నీళ్లు ఇంక పెరగకపోతే ఆగుతది మేడం. పెరిగితే ఆగదు."

"పెరుగుతయా?"

"పైన వాన పడ్తే పెరుగుతయి."

"పడ్తదా?"

ఆయన మబ్బుల వైపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "మత్తడి పక్కన గండి కొడ్తే చెరువు మీద భారం తగ్గుతది. ఊరు బతుకుతది. గని ఆ నీళ్లన్నీ తండా పొలాల మీదికే పోతయి."

"కొట్టాల్నా మరి?"

"అది నేను చెప్పేది కాదు గద మేడం. రెండు దిక్కులా జనమే. రెవెన్యూ నుంచి మాట రావాలె."

రోడ్డు కంపెనీ సైటు మేనేజరు వెంకటరమణ పొక్లెయిన్‌ను పొలాల మీదుగా తెచ్చి కట్ట కింద నిలబెట్టాడు. ఆయనది రాజమండ్రి వైపు. "మేడమ్ గారూ, మిషను మీదే అనుకోండి. ఏ పని చెబితే అది చేయిస్తానండి. కాకపోతే కట్ట తవ్వమంటే మాత్రం మా హైదరాబాదు ఆఫీసు నుంచి మాట రావాలండి. రేపు ఏదన్నా అయితే మా మీదకొస్తుంది కదండీ," అన్నాడు.

నేను ఆర్డీవో గారికి ఫోన్ కలిపాను. మొత్తం చెప్పాను. ఆయన విన్నాడు. "మీరు అక్కడున్నరు కాబట్టి పరిస్థితిని బట్టి చూడండి. అన్ని శాఖలతోని, సంస్థలతోని సమన్వయం చేసుకోండి," అన్నాడు. కొట్టాలా వద్దా అని అడిగేలోపు లైను తెగిపోయింది.

సమన్వయం. ఆ మాట నేను ఎన్ని మీటింగుల్లో విన్నానో. నా చుట్టూ ఉన్నది అదే కాబోలు అనుకున్నాను. సంచులు పంపినవాడున్నాడు, మట్టి పంపినవాడున్నాడు, యంత్రం ఉంది, పోలీసు ఉన్నాడు, ఇంజినీరు ఉన్నాడు, అన్నం కూడా ఉంది. అందరూ నా ముఖం చూస్తున్నారు. నేను ఫోన్ చూస్తున్నాను.

బకెట్ దిగింది

అప్పుడు తండా నుంచి ఒకావిడ వచ్చింది. పేరు మంగ్లి. వానకు ప్లాస్టిక్ సంచి నెత్తి మీద కప్పుకుని, జనాన్ని తోసుకుంటూ తిన్నగా నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడం, నీళ్లు మా దిక్కు ఇడుస్తరంట గద?"

"ఇంక ఏం అనుకోలేదమ్మా. మీ పిల్లలను, గొడ్లను బడి కాడికి పంపమన్న, పంపిన్రా?"

"పంపినం. పొలాన్ని ఎక్కడికి పంపాలె?"

 ఆమె నా పక్కనే నిలబడింది, నేను ఎటు కదిలితే అటు కదులుతూ.

ఇక్కడి నుంచి జరిగింది నేను చాలాసార్లు మనసులో వెనక్కి తిప్పి చూసుకున్నాను. డీఈ శ్రీధర్ మత్తడి వైపు నడిచి, ఒకచోట కట్టెకు ఎర్రగుడ్డ కట్టి పాతాడు. కొట్టాల్సి వస్తే అక్కడైతే నేల గట్టిగా ఉందని, గండి మరీ వెడల్పు కాదని ఆయన ఉద్దేశం. కొట్టమని కాదు. ఎస్సై రవీందర్ విజిల్ వేసి ఆ చివర ఉన్న జనాన్ని దింపేశాడు. కట్ట జారుతోంది, ఎవరైనా పడతారని ఆయన భయం. అంతకుమించి ఏమీ లేదు. మేనేజరు వెంకటరమణ పొక్లెయిన్‌ను మత్తడి చివరికి ఎక్కించాడు. మాట వచ్చాక ఎక్కించాలంటే ఆలస్యమవుతుందని, ముందే సిద్ధంగా పెడదామని. నేను మళ్లీ ఆర్డీవో గారికి ఫోన్ కలుపుతున్నాను. ఊరివాళ్లు కట్ట కింద నుంచి "కొట్టుండ్రి, కొట్టుండ్రి" అని కేకలు పెడుతున్నారు.

పొక్లెయిన్ నడిపేది మరిపెడకు చెందిన ఖాజా. వయసు మళ్లుతున్న మనిషి. చాలా ఏళ్లుగా ఆ పనిలో ఉన్నవాడు. ఆయన ముందు ఎర్రగుడ్డ కట్టిన కట్టె ఉంది. చుట్టూ జనం లేరు. యంత్రం కట్ట మీద ఉంది, వాన కొడుతోంది.

బకెట్ దిగింది.

ఇంజను చప్పుడు మారడం విని తల ఎత్తాను. మొదటి బకెట్ మట్టి అప్పటికే పక్కన పడింది. "ఆగు!" అని అరిచానా? అరిచాననే అనుకుంటున్నాను. మంగ్లి మాత్రం అరిచింది, అది నాకు బాగా గుర్తుంది. తన భాషలో అరిచింది. శ్రీధర్ రెండు చేతులూ పైకెత్తాడు. అది ఆగమనో, మెల్లగా అనో నాకు తెలియదు. తర్వాత అడిగితే ఆయనా చెప్పలేకపోయాడు. రెండో బకెట్‌కు నీళ్లు దారి పట్టాయి. ఇక ఆపడం ఎవరి చేతిలోనూ లేదు.

ఆ తర్వాత మాత్రం అందరం చక్కగా కలిసి పనిచేశాం. శ్రీధర్ గట్టిగా గొంతెత్తి, గండి ఎటు వైపు ఎంత పెంచాలో ఖాజాకు చెప్పాడు. దిగబడ్డ లారీని పక్కకు నెట్టి, సేటు హమాలీలు సంచుల్లో మొరం నింపి గండి అంచులకు పేర్చారు. రవీందర్ వాగు దాటే దారిని మూసేశాడు. నేను తండా బడికి పోయి తలలు లెక్కపెట్టించాను. అందరూ ఉన్నారు. మధ్యాహ్నానికి చెరువులో నీళ్లు తగ్గాయి, బుంగలోంచి వచ్చే ధార సన్నబడింది. ఊరు నిలబడింది.

తండా పొలాలు కనబడలేదు. వాగు ఎక్కడో, పొలం ఎక్కడో తెలియకుండా ఒకటే ఎర్రనీళ్లు. మంగ్లి బడి అరుగు మీద కూర్చుని అటే చూస్తోంది. ఆమె ఏడవలేదు. నేను పక్కన కూర్చోబోయి, కూర్చోలేక లేచి వచ్చేశాను.

శాలువాలు

నీళ్లు తగ్గాక ఊళ్లో సభ పెట్టారు. మాకందరికీ శాలువాలు కప్పారు. రోడ్డు కంపెనీ తన యంత్రం బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ కట్టింది. నీటిపారుదల శాఖవాళ్లు తమ సాంకేతిక సలహా వల్లే ఊరు దక్కిందన్నారు. పోలీసులు సకాలంలో జనాన్ని ఖాళీ చేయించామన్నారు. ప్రభుత్వం, ప్రైవేటు సంస్థలు చేతులు కలిపితే ఎంత పనైనా అవుతుందని ఒక పెద్దమనిషి మాట్లాడాడు. మా ఆర్డీవో గారు నా వైపు చూపించి, "మేడం సమయస్ఫూర్తి" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

సభ అయ్యాక ఆయనను పక్కకు పిలిచి చెప్పాను. "సార్, గండి కొట్టమని నేను చెప్పలేదు. ఎవరు చెప్పారో కూడా నాకు తెలియదు."

ఆయన వింతగా చూశాడు. "ఊరు బతికింది గద. ఇంక దాన్ని కెలుకుడు ఎందుకు మేడం?"

కొన్నాళ్లకు తండావాళ్లు ఆఫీసుకు వచ్చారు. నీళ్లు పోయాక పొలాల్లో నడుం లోతు ఇసుక మేట వేసింది. బావులు పూడిపోయాయి. పత్తి, మిర్చి వేసిన నేల ఏటి ఒడ్డులా తయారైంది. ఇసుక తీయించడానికి సాయం అడిగారు. దానికి దరఖాస్తులు తీసుకున్నాం, పంపాం. వచ్చిందేదో వచ్చింది. వాళ్లలో ముందు నిలబడ్డ మంగ్లి మాత్రం ఇంకోటి అడిగింది.

"గండి కొట్టుమన్నది ఎవలు మేడం? పేరు చెప్పు, చాలు."

సభలో గండి కొట్టించింది అందరూ. ఆ రోజు ఆఫీసులో, ఆమె అడిగినప్పుడు, ఎవరూ కాదు. నేను "కనుక్కుంటానమ్మా" అన్నాను.

ఒక్కొక్కరినీ అడిగాను

నిజంగానే కనుక్కోబోయాను. విచారణ కాదు, నాకోసం.

వెంకటరమణ ఇబ్బందిగా నవ్వాడు. "మేడమ్ గారూ, మా హైదరాబాదు వాళ్లు ఫోనే ఎత్తలేదండి. ఖాజాకి రెడీగా ఉండమన్నాను, అంతేనండి. ఎస్సై గారు జనాన్ని దింపేసరికి మీరు సరేనన్నారేమో అనుకున్నాను."

రవీందర్ తల గోక్కున్నాడు. "డీఈ సార్ ఎర్రగుడ్డ పాతిండు గద మేడం. ఇగ అయిపోయింది అనుకున్న. మీరు చెప్పకుంట ఆయన పాతడు గద."

శ్రీధర్ అన్నాడు, "మిషన్ పైకి ఎక్కుతుంటే మీరు చూసిన్రు మేడం. వద్దనలే. కంపెనీవాళ్లకు మీరు చెప్పే ఉంటరనుకున్న."

అది నిజం. ఎక్కుతుంటే చూశాను. డీఈ గారు సిద్ధం చేయించుకుంటున్నారు అనుకున్నాను.

ఖాజాను మరిపెడలో వాళ్ల ఇంటి ముందే కలిశాను. కుర్చీ తుడిచి వేశాడు. అడగ్గానే చేతులు రెండూ ముడుచుకున్నాడు.

"మేడం, కట్ట మెత్తగైంది, బండి ఒక దిక్కు వంగుతున్నది. దిగిపోదామంటే ఎనకకు రాదు. ముందట జండా ఉంది, జనం లేరు. కింద అందరు కొట్టు కొట్టు అంటున్రు. ఇంతమంది పెద్దోళ్లు ఉన్నరు, ఎవలో ఒకలు చెప్పే ఉంటరు అనుకున్న. అల్లా కసమ్, నా మనసులకెల్లి నేను కొట్టలే."

"నీ తప్పని రాలేదన్నా. తెలుసుకుందామని వచ్చిన," అన్నాను.

"మరి చెప్పింది ఎవలు మేడం?" అని ఆయన నన్నే అడిగాడు. "నాక్కూడ అదే పరేషాన్."

ఇంకో ప్రశ్న కూడా శ్రీధర్‌నే అడిగాను. గండి కొట్టకపోతే కట్ట తెగేదా? ఆయన నీళ్లు తగ్గాక బుంగను తవ్వించి చూశాడట.  "ఆ మధ్యాహ్నం నుంచి పైన వాన తగ్గింది మేడం. ఆగేదేమో. బుంగ చూస్తే మాత్రం ఆగకపోయేదేమో అనిపిస్తది. నన్ను ఒట్టు పెట్టి అడిగినా గింతకంటే చెప్పలేను."

మీకు చెప్పగలిగింది

స్వప్నలాంటి వాళ్లకు నేను ఒక ముక్కలో సలహా ఇవ్వాలంటే ఇవ్వగలను. వచ్చినవాళ్లందరి ముందు నిలబడి, ఎవరు ఏ పని చేస్తారో, ఆఖరి మాట ఎవరిదో గట్టిగా చెప్పండి. ప్రైవేటువాళ్లు యంత్రం తెస్తారు, మాట కోసం మన వైపు చూస్తారు. మన శాఖలు ఒకదాని వైపు ఒకటి చూస్తాయి. పైవాళ్లు సమన్వయం అంటారు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. నా అనుభవంలో విపత్తులో సాయానికి వచ్చినవాళ్లలో చెడ్డవాళ్లను నేను చాలా తక్కువ చూశాను. కానీ మంచివాళ్లు పదిమంది నిలబడ్డ చోట, చెయ్యమన్న మాట ఎవరి నోట్లోంచీ రాకుండానే పని జరిగిపోవచ్చు.

సత్యం సార్ అయితే ఏం చేసేవాడో నాకు తెలుసు. కొట్టు అనో, వద్దు అనో అరిచేవాడు. తర్వాత తండాలో నిలబడి నేనే అని చెప్పేవాడు. ఆయనను నేను ఇన్నేళ్లూ మొండివాడనే అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

ఇంతవరకు రాసి ఆగితే పాఠం బాగానే కుదురుతుంది. కానీ నాకు కుదరడం లేదు. ఎందుకంటే, ఆ రోజు నన్ను ఎవరైనా పట్టుకుని, చెప్పు, కొట్టాలా వద్దా అని నిలదీసి ఉంటే నేను ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు. మంగ్లి నా పక్కనే ఉంది. ఆమె ముఖం చూస్తూ కొట్టమని చెప్పగలిగేదాన్నా? చెప్పలేకపోయి ఉంటే, కట్ట తెగి ఉంటే, కింద ఊళ్లో ఎంతమంది? ఎవరూ చెప్పకపోవడం వల్లే ఊరు బతికిందా? అలా అయితే నేను మీకిచ్చే సలహా ఎటు పోతుంది? ఆలోచించిన కొద్దీ తల తిరుగుతుంది. మీకు శిక్షణలో ఎవరైనా దీనికి సూటిగా జవాబు చెబితే, దయచేసి నాక్కూడా చెప్పండి.

మంగ్లి పొలం

రిటైరైన తర్వాత ఒకసారి ఆ తండాకు పోయాను. ఎవరూ పంపలేదు. మంగ్లికి కనుక్కుంటానన్న మాట నా మీద ఉండిపోయింది.

పొలాలు కొన్ని బాగుపడ్డాయి. యంత్రాలతో ఇసుక తీయించిన చోట పచ్చగా ఉంది. మంగ్లి పొలం వాగుకు మరీ దగ్గర. సగం కూడా తేలలేదు. ఆమె భర్త హైదరాబాదులో కూలి పనికి పోయాడట. ఆమె ఒక్కతే పార, గంప పెట్టుకుని బావి ఉన్నచోట తవ్వుతోంది. బావి ఒర రాళ్లు మాత్రం పైకి కనబడుతున్నాయి. నన్ను చూసి పార ఆపింది. గుర్తుపట్టింది.

దారి పొడుగునా ఆలోచించుకుని పోయాను. ఎవరో ఒకరి పేరు ఆమెకు కావాలి. ఇవ్వదగ్గ పేరు నాకు ఒకటే కనబడింది.

"మంగ్లీ, నువ్వు అడిగినవు గద, గండి కొట్టుమన్నది ఎవలని. నేనే చెప్పిన," అన్నాను.

ఆమె నన్ను నిదానంగా చూసింది.

"అబద్ధం చెప్తున్నవు మేడం. గా రోజు నీ పక్కకే ఉన్న నేను. నీ మొకమే చూసుకుంట ఉన్న. నీ నోట్లెకెల్లి ఒక్క మాట రాలే."

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. 

"మరి ఎవలు?" అంది.

"తెల్వదమ్మా. అందరినీ అడిగిన. ఎవలకూ తెల్వదు."

"తెల్వదని చెప్పనీకి గింత దూరం వచ్చినవా?"

"అవును."

 కోప్పడిందో, నవ్వుకుందో ఆమె ముఖంలో నాకు తెలియలేదు. పార తీసుకుని గంపలో ఇసుక నింపింది. నిండాక, ఒక పక్క పట్టమన్నట్టు నా వైపు చూసింది. కొంగు దోపుకుని పట్టాను. బరువు అనుకున్నదానికంటే ఎక్కువగా ఉంది. ఇద్దరం కలిసి లేపి, నాలుగడుగులు వేసి ఆగాం.

"ఏడ పొయ్యాలె మంగ్లీ?" అని అడిగాను.

ఆమె ఇటు చూసింది, అటు చూసింది. చుట్టూరా ఇసుకే.